బాబుకి 20 నెలలు, పిలిస్తే పలకడు, వేలు పెట్టి చూపించడు. ఆటిజమా, లేక నేనే తొందరపడుతున్నానా?

బెళ్ళందూరు_హరిత
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా బాబుకి 20 నెలలు. కాన్పు మామూలుగానే అయింది, బరువు బానే పెరిగాడు, ఏడాదికల్లా నడిచాడు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు "తాత", "బువ్వ", "కాకి" అనేవాడు, వాళ్ళ తాత వీడియో కూడా తీశారు. ఇప్పుడు ఆ మూడు మాటలూ లేవు, కొత్తవీ రాలేదు.

ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూడడు. కానీ హాల్లో టీవీలో ఒక సబ్బు ప్రకటన పాట వస్తే వంటింట్లోంచి పరిగెత్తుకెళతాడు, కాబట్టి చెవులు బానే ఉన్నట్టున్నాయి. నీళ్ళు కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి సీసా మీద పెడతాడు, నా ముఖం వైపు మాత్రం చూడడు. కారు బొమ్మ ఇస్తే తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుని ఏడుపు. అలాగని దగ్గరికి రాడని కాదు, నా మీదే పడుకుంటాడు, చక్కిలిగింతలు పెడితే పడీ పడీ నవ్వుతాడు. అందుకే నాకేమీ తేలడం లేదు.

టీకాకి వెళ్ళినప్పుడు అడిగితే డాక్టరు "రెండేళ్ళు నిండనివ్వండి, చూద్దాం" అన్నారు. మా అత్తగారు "వాళ్ళ నాన్నకి మూడేళ్ళకి గానీ మాటలు రాలేదు, ఊరికే టెన్షన్ పడకు" అంటారు. మా ఆయనేమో ఇంట్లో తెలుగు, ఆయా కన్నడ, కింది ఇంటి పిల్లలు హిందీ, యూట్యూబ్ పాటలు ఇంగ్లీషు, వాడికి అంతా కలగాపులగం అయిపోయింది అంటారు. రాత్రిళ్ళు ఫోన్లో చదివేకొద్దీ నిద్ర పట్టడం లేదు. బెంగళూరులో ముందు ఎవరిని కలవాలి?

కావలి_సుబ్బమ్మ
అమ్మా హరితా, మొగపిల్లలకి మాటలు లేటే తల్లీ. మా రెండోవాడు మూడేళ్ళు దాటాక నోరు తెరిచాడు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు. వస కొమ్ము తేనెలో అరగదీసి నాలిక మీద రాయి, దిష్టి తీయి. ఈ ఫోన్లలో చదివితే లేని రోగాలన్నీ ఉన్నట్టే ఉంటాయి.

కేఆర్‌పురం_రమణ
పెద్దమ్మా, మీరు ప్రేమతోనే చెప్పారు, కానీ ఈ బాబు విషయం వేరేలా ఉంది. మాటలు ఆలస్యం కావడం ఒకటి, వచ్చిన మాటలు పోవడం ఇంకొకటి.

హరిత గారూ, మా పాపకి ఇప్పుడు ఆరేళ్ళు, రెండున్నరకి ఆటిజం అని తేలింది. మాకూ "ఆగండి చూద్దాం" అనే చెప్పారు. ఒక్క మాట అడుగుతా, నాలుగు నెలలు ఆగితే మీకు కొత్తగా ఏం తెలుస్తుంది? ఏమీ లేకపోతే పరీక్ష చేయించినందుకు నష్టం లేదు. ఉంటే ఆ నాలుగు నెలలూ వాడివే పోతాయి. ఈ వారంలోనే రెండు పనులు మొదలుపెట్టండి. ఒకటి వినికిడి పరీక్ష, రెండోది డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ అపాయింట్‌మెంట్. మామూలు పిల్లల డాక్టరు కాదు, పిల్లల ఎదుగుదల మీదే పనిచేసే డాక్టరు. వీళ్ళ దగ్గర ఒక్కోసారి వారాల తరబడి వెయిటింగ్ ఉంటుంది కాబట్టి ముందు పేరు రాయించేయండి, తర్వాత కావాలంటే ఇంట్లో వాళ్ళతో వాదించుకోవచ్చు.

మాటల_టీచర్
నేను స్పీచ్ థెరపిస్టుని, జయనగర్ వైపు పనిచేస్తా. ఆన్‌లైన్‌లో ఎవరూ ఉందనీ లేదనీ చెప్పకూడదు, నేనూ చెప్పను. కానీ మీరు రాసినవాటిలో ఏవి గట్టిగా పట్టించుకోవాల్సినవో, ఏవి అంత కాదో చెప్పగలను.

ముందు ఆ సబ్బు పాట సంగతి. తనకిష్టమైన శబ్దానికి పరిగెత్తాడు కాబట్టి వినికిడి బాగుందనుకోవడానికి లేదు. కొందరికి కొన్ని స్థాయుల శబ్దాలే వినిపిస్తాయి, మాటల్లోని సన్నని శబ్దాలు జారిపోతాయి. చెవి లోపల నీరు చేరినా అంతే. అందుకే మాటలు రాని ప్రతి పిల్లాడికీ మొదటి మెట్టు ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు. బెరా నిద్రలో చేస్తారు, నొప్పేమీ ఉండదు. ముందురోజు రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపి తీసుకెళితే అక్కడ హాయిగా నిద్రపోతాడు.

ఇక అసలు విషయం. అందరూ మాటలు లెక్కపెడతారు. మేం మాటల కంటే ముందు వేలు చూస్తాం. ఏడాది వయసు వచ్చేసరికి పిల్లలు కావలసిన వస్తువు వైపు చెయ్యి చాపుతారు, వేలు పెడతారు, అది "నాకు కావాలి" అనే వేలు. ఏడాదిన్నరకల్లా ఇంకో వేలు రావాలి, అది "అదిగో చూడు" అనే వేలు. ఆకాశంలో విమానం పోతుంటే చూపించి, వెంటనే మీ ముఖం వైపు తిరిగి మీరు చూశారా లేదా అని చూసి, మళ్ళీ విమానం వైపు చూస్తాడు. అతనికి విమానం అక్కర్లేదు, మీతో పంచుకోవాలి, అంతే. ఆ రెండో వేలు ఏడాదిన్నర దాటినా రాకపోవడం ఆటిజంలో మాకు కనిపించే ముఖ్యమైన తొలి గుర్తుల్లో ఒకటి. ముఖం చూడకుండా మీ చెయ్యి పట్టుకుని సీసా మీద పెట్టడం కూడా అలాంటిదే.

మన ఇళ్ళల్లో దీనికి పరీక్ష ఎప్పట్నుంచో ఉంది, పరీక్ష అని మాత్రం ఎవరూ అనుకోలేదు. అన్నం పెడుతూ "చందమామ ఏదీ?" అంటాం, "కాకి ఏదీ?" అంటాం. పిల్లాడు మన వేలు చూపించిన వైపు చూస్తాడా, లేక మన వేలునే చూస్తాడా, అసలు పట్టించుకోడా? చప్పట్లు కొడితే కొడతాడా, ఎవరైనా వెళుతుంటే టాటా చెప్తాడా, దోబూచి ఆడితే చీర కొంగు తనే లాగి మళ్ళీ ఆడమంటాడా? తొమ్మిది నెలలకి పేరు పిలిస్తే తిరగాలి, టాటా, చప్పట్లు లాంటివి ఏడాది చుట్టుపక్కల వచ్చేయాలి. రెండేళ్ళకి "పాలు కావాలి", "నాన్న రా" లాంటి రెండు మాటల కూర్పులు రావాలి, అవీ సొంతంగా. టీవీలో విన్నది అచ్చుగుద్దినట్టు అప్పజెప్పడం ఇందులోకి రాదు.

అంతగా భయపడక్కర్లేనివి కూడా చెప్తా. చక్రాలు తిప్పడం, మునివేళ్ళ మీద నడవడం, సంతోషం వస్తే చేతులు ఆడించడం చాలామంది మామూలు పిల్లలూ చేస్తారు. వాటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద అర్థం ఉండదు, మిగతావాటితో కలిసి వస్తేనే చూస్తాం. అలాగే "దగ్గరికి తీసుకుంటే నవ్వుతాడు కాబట్టి ఆటిజం కాదు" అనేది కూడా తప్పు. ఆటిజం ఉన్న పిల్లల్లో అమ్మని అతుక్కుని వదలనివాళ్ళు బోలెడంత మంది.

మాటలు పోవడం గురించి రమణ గారు చెప్పింది నిజం. 15 నుంచి 24 నెలల మధ్య కొంతమంది పిల్లల్లో ఇలా జరుగుతుంది. ఏ వయసులోనైనా వచ్చిన మాట గానీ, కళ్ళలోకి చూడటం గానీ పోయిందంటే ఆగి చూడటం ఉండదు, తీసుకెళ్ళాల్సిందే.

పెద్దమ్మ గారికి ఒక విన్నపం, ఏడాది నిండని పిల్లలకి తేనె ఎవరూ పెట్టకండి, దాంతో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వస కూడా వద్దు.

హెచ్ఎస్ఆర్_కిరణ్
ఈ మధ్య ప్రతి పిల్లాడికీ ఒక లేబుల్. తీసేయాల్సింది ఫోను. ఫోన్ వల్ల వచ్చే దీన్నే వర్చువల్ ఆటిజం అంటారు. ఫోన్ ఆపి పార్కుకి తీసుకెళ్ళండి, రెండు నెలల్లో అదే సర్దుకుంటుంది. థెరపీ సెంటర్లకి ఇదో వ్యాపారం అయిపోయింది.

కేఆర్‌పురం_రమణ
కిరణ్ గారూ, మా ఇంట్లో పాపకి రెండేళ్ళ వరకు ఫోన్ ఇచ్చిందే లేదు, ఇల్లంతా బొమ్మలూ పుస్తకాలే. మరి మా పాపకి ఎలా వచ్చింది?

పిల్లల_డాక్టర్_చెన్నై
చెన్నైలో పిల్లల డాక్టర్ని, ఊరు చీరాల. కిరణ్ గారి మాటలో సగం నిజం ఉంది, దాంతోనే చిక్కు. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర అసలే వద్దని మన భారతీయ పీడియాట్రిక్స్ అకాడమీ చెప్తుంది. రోజంతా ఫోన్ ముందు కూర్చున్న పిల్లాడికి మాట్లాడే మనిషి తక్కువవుతాడు, మాట ఆలస్యమవుతుంది, ఫోన్ ఆపితే కొంత మెరుగుపడతాడు కూడా. అయితే వర్చువల్ ఆటిజం అనే రోగనిర్ధారణ వైద్యంలో లేదు. ఆటిజం మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా, జన్యువుల పాత్ర అందులో చాలా ఎక్కువ. ఫోన్ ఆపండి, తప్పకుండా ఆపండి. కానీ "ముందు రెండు నెలలు ఫోన్ ఆపి చూద్దాం, తర్వాత డాక్టరు" అనకండి, రెండూ ఒకేసారి జరగాలి.

హరిత గారూ, ఎం-చాట్-ఆర్ అని ఒక ప్రశ్నపత్రం ఉంది, 16 నుంచి 30 నెలల పిల్లల కోసం. 20 ప్రశ్నలు, అవును లేదా కాదు అని చెప్పడమే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 17 ప్రశ్నలకి "కాదు" అంటే ఒక మార్కు పడుతుంది. 2, 5, 12 నంబర్లు మాత్రం తిరగేసి ఉంటాయి, వాటికి "అవును" అంటేనే మార్కు. 2వది వినపడదేమో అని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా అని, 5వది కళ్ళ దగ్గర వేళ్ళు వింతగా ఆడిస్తాడా అని, 12వది ఇంట్లో మామూలు శబ్దాలకి ఇబ్బంది పడతాడా అని. మీ కుక్కర్ విజిల్ ఇక్కడే వస్తుంది. మొత్తం 0 నుంచి 2 దాకా ఉంటే ప్రస్తుతానికి ఫర్వాలేదు, రెండేళ్ళలోపు చేసి ఉంటే రెండేళ్ళు నిండాక మళ్ళీ చూడాలి. 3 నుంచి 7 అయితే డాక్టరు కూర్చుని వివరంగా మళ్ళీ అడుగుతారు. 8, ఆపైన అయితే నేరుగా నిపుణుల దగ్గరికి పంపాలి. ఒకటి గుర్తుంచుకోండి, ఇది జల్లెడ పట్టడం వరకే, ఎక్కువ వచ్చినంత మాత్రాన ఆటిజం అని తీర్పు కాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18 నెలలకి, 24 నెలలకి ఆటిజం కోసం ప్రతి పిల్లాడినీ ఇలా జల్లెడ పట్టమంటుంది. మన ఓపీల్లో ఒక్కో పిల్లాడికి దొరికేది నాలుగు నిమిషాలు, అందులో టీకా, బరువు, జలుబు అన్నీ అయిపోవాలి. అందుకే అమ్మానాన్నలే ఈ కాగితం నింపి తెచ్చి బల్ల మీద పెడితే నాలాంటి వాళ్ళకి మహా ఉపకారం.

హొసూరు_బాలాజీ
డాక్టరు గారూ మధ్యలో అడుగుతున్నా, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా వల్లే ఆటిజం వస్తుందని మా ఆఫీసు గ్రూపులో తిరుగుతోంది, మా తమ్ముడు వాళ్ళ పాపకి టీకా ఆపేశాడు.

పిల్లల_డాక్టర్_చెన్నై
బాలాజీ గారూ, 1998లో లండన్‌లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన పేపరుతో మొదలైన మాట అది. వివరాలు మార్చి రాశాడని తేలింది, 2010లో దాన్ని అచ్చువేసిన పత్రికే ఆ పేపరుని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. తర్వాత లక్షల మంది పిల్లల మీద చూశారు, సంబంధం లేదు. మాటలు పోయే వయసూ ఆ టీకా వయసూ దగ్గర దగ్గరగా ఉండటంతో జనానికి అలా అనిపిస్తుంది. మీ తమ్ముడికి చెప్పి రేపే వేయించండి, తట్టు మళ్ళీ వస్తోంది.

వైట్‌ఫీల్డ్_టెస్టర్
నేను ఆటిస్టిక్‌ని. 29 ఏళ్ళకి తెలిసింది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తా. ఇలాంటి చర్చల్లో మా గురించి మాట్లాడతారు, మాతో మాట్లాడరు, అందుకని రాస్తున్నా.

చిన్నప్పుడు నేను పిలిస్తే పలికేవాణ్ణి, మాటలు కూడా త్వరగానే వచ్చాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ పెళ్ళిళ్ళలో సన్నాయి మొదలైతే మండపం బయట చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ణి. పెరుగన్నం, అప్పడం తప్ప ఏళ్ళ తరబడి ఇంకోటి తినలేదు, పెంకి అన్నారు, దెబ్బలు పడ్డాయి. అది పెంకితనం కాదు, వంకాయ కూర ముద్ద నోట్లో పడితే నాకు నిజంగా వాంతి వచ్చేది. హరిత గారూ, మీ వాడు కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుంటున్నాడంటే వాడికి అది నిజంగానే భరించరానంత ఉంటుంది. వంట చేసేటప్పుడు వేరే గదిలో ఉంచండి, విజిల్ ముందు చెప్పండి.

ఇంకోటి. రేపు ఎవరైనా థెరపీ పేరుతో "కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పినా, చేతులు ఆడిస్తుంటే పట్టుకుని ఆపినా ఆ చోటు మార్చేయండి. చేతులు ఆడించడం వల్ల ఎవరికీ నష్టం లేదు, మాకు లోపల సర్దుకోవడానికి అదొక దారి.

మాటల_టీచర్
టెస్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. తల గోడకి కొట్టుకోవడం, చెయ్యి కొరుక్కోవడం లాంటివైతే జాగ్రత్త పడాలి, మిగతాది వదిలేయాలి. థెరపీ బాగుందో లేదో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. తలుపు మూసేసి మిమ్మల్ని బయట కూర్చోబెట్టి, తర్వాత "బాగా చేశాడు" అని ఒక్క ముక్క చెప్పి పంపించే చోట మీకు దక్కేదేమీ ఉండదు. వారంలో రెండు మూడు గంటలు మేం చూస్తాం, మిగతా టైమంతా వాడు మీతోనే ఉంటాడు. స్నానం, అన్నం, లిఫ్టు దిగడం, వీటి మధ్యలోనే ఏం చేయాలో మీకు నేర్పించాలి.

అనంతపురం_జ్యోతి
నాది సర్జాపుర రోడ్డు. మా పాప సంగతి చెప్తా, ఎందుకంటే ఇక్కడ అందరూ బాబు, వాడు అనే రాస్తున్నారు. మా పాప టాటా చెప్పేది, నవ్వేది, బొమ్మలకి జడలు వేసేది, బడిలో "చాలా మంచి పిల్ల, అల్లరే లేదు" అనేవాళ్ళు. ఇంటికొచ్చి బూట్లు విప్పగానే గంట గంటన్నర ఏడుపు, ఎందుకో చెప్పలేదు. బొమ్మలతో ఆడినట్టే ఉండేది గానీ రోజూ అదే వరుస, అవే మాటలు, నేను మధ్యలో వేరే బొమ్మ పెడితే ఇల్లు ఎగిరిపోయేది. ఏడేళ్ళకి తేలింది. ఆడపిల్లలు పక్క పిల్లల్ని చూసి కాపీ కొట్టి నెట్టుకొస్తారని డాక్టరమ్మ చెప్పింది. లెక్కల్లో నలుగురు అబ్బాయిలకి ఒక అమ్మాయి అంటారు గానీ అందులో మా పాపలాగ తేలకుండా మిగిలిపోయినవాళ్ళు ఎంతమందో.

హరిద్వార్_ఆయుష్_కేర్
ఆటిజానికి శాశ్వత పరిష్కారం! స్టెమ్ సెల్ + మూలికా చికిత్స, 90 రోజుల్లో మాటలు గ్యారంటీ, వాట్సాప్ చేయండి

నిర్వాహకుడు
పై ఖాతాను ఆపేశాం. పోస్టు మాత్రం చూపించడానికే ఉంచుతున్నాం, నంబరు తీసేశాం. ఆటిజానికి గ్యారంటీ అన్నమాట వినిపిస్తే అక్కడితో ఫోన్ పెట్టేయండి. స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స విషయంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి, కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప మామూలు చికిత్సగా ఇవ్వకూడదు, పరిశోధనలో భాగంగా అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అప్పు చేసి వెళ్ళొచ్చినవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు.

రిటైర్డ్_మాస్టారు_యలహంక
మా కాలంలో ఈ ఆటిజం లేదు అని రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను. మా ఊళ్ళో మా బాబాయి వరసాయన ఒకడుండేవాడు, రోజూ అదే చెక్క పలక పట్టుకుని కాలవ గట్టు మీద ఒకే చోట నిలబడేవాడు, కంచం మార్చితే అన్నం ముట్టేవాడు కాదు. పిచ్చోడు అన్నారు, రాళ్ళేశారు, గొలుసు కూడా వేశారు. ఇప్పుడు మీరంతా రాసింది చదువుతుంటే ఆయన గుర్తొస్తున్నాడు. హరితమ్మా, మీ అత్తగారు కాదన్నా నువ్వు చూపించు. మా తరం వాళ్ళం కాదనేది సగం భయంతోనే.

బెళ్ళందూరు_హరిత
అందరికీ దండాలు. నిన్న రాత్రి మా ఆయనా నేనూ కూర్చుని ఎం-చాట్ నింపాం. ముందు విడివిడిగా నింపి తర్వాత పోల్చుకున్నాం. నాకు 11, ఆయనకి 9. ఆయన ఏమీ మాట్లాడలేదు, పొద్దున లేచి అపాయింట్‌మెంట్ ఆయనే తీసుకున్నారు.

రెండు సందేహాలు. ఒకటి, ప్లేస్కూల్ వాళ్ళు ఇంట్లో ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే వాడికి మాటలు రావు అన్నారు. రెండు, ఖర్చు. ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి.

మాటల_టీచర్
తెలుగు ఆపకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ఆటిజం ఉన్న పిల్లలకీ దానివల్ల నష్టం లేదని పరిశోధనలు చెప్తున్నాయి. మీకు నోటి నిండా వచ్చే భాషలో మీరు లాలిస్తారు, కోప్పడతారు, కథ చెప్తారు. రాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అని మూడు ముక్కలే చెప్తే వాడికి వినపడే మాటలే తగ్గిపోతాయి. పైగా నాయనమ్మతో రేపు ఏ భాషలో మాట్లాడాలి? మాటలు లెక్కపెట్టేటప్పుడు కూడా అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలి, "నీరు" ఒకటి, ఆయా నేర్పిన "బా" (కన్నడలో రా అని) ఒకటి.

కేఆర్‌పురం_రమణ
ఖర్చు సంగతి. ప్రైవేటులో మాకు ఒక్కో సెషన్‌కి 800 నుంచి 1200 దాకా పడింది, స్పీచ్ వేరు, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు నేర్పే థెరపీ) వేరు, నెల తిరిగేసరికి అద్దె అంత అయ్యేది. వారానికి ఇన్ని సెషన్లు తప్పనిసరి, మూడు నెలల డబ్బు ముందే కట్టండి అనే సెంటర్లకి నేను దూరం. ప్రభుత్వ దారిలో వెళ్ళాలంటే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, ఆ పక్కనే ఇందిరా గాంధీ పిల్లల ఆసుపత్రి. పొద్దున్నే వెళ్ళండి, పిల్లాడికి తిండి, ఇష్టమైన బొమ్మ, మీకు ఓపిక పట్టుకెళ్ళండి, జనం ఎక్కువ. వినికిడికీ మాటకీ మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, అందరూ ఆయిష్ అంటారు, కేంద్ర ప్రభుత్వానిది.

వీడియోలు తీసి పెట్టుకోండి. డాక్టరు ముందు వాడు ఏడవొచ్చు, నిద్రపోవచ్చు. మీరు పేరు పిలిచినప్పటిది, ఆడుకుంటున్నప్పటిది, తింటున్నప్పటిది ఒక్కో నిమిషం చాలు. సంక్రాంతికి మీ మావగారు తీసిన వీడియో తప్పకుండా పట్టుకెళ్ళండి, మాటలు ఉండేవి అనడానికి అదే రుజువు.

పిల్లల_డాక్టర్_చెన్నై
చెన్నై వాళ్ళకి ఈసీఆర్ మీద ముట్టుకాడులో వైకల్యాలున్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, నీప్‌మెడ్ అంటారు. ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్నవాళ్ళు జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా పట్టుకునే కేంద్రం) ఎక్కడని అడగండి, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టిన కేంద్రాలవి, డబ్బు తీసుకోరు.

కాగితాల సంగతి కూడా చెప్పేస్తా, ఇప్పుడే అవసరం లేకపోయినా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్ కోసం ఇసా అనే మన దేశపు స్కేలు వాడతారు, 40 అంశాలు, 70కి తక్కువ వస్తే ఆటిజం లేదని. సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులూ కొంత వరకు అందులో వస్తాయి. పాత పద్ధతిలో ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్ళకి వైకల్యం ఉన్న పిల్లల పోషణ కింద 75 వేలు, తీవ్రంగా ఉంటే లక్షా పాతిక వేలు తగ్గింపు.

కావలి_సుబ్బమ్మ
హరితా, ఆ చందమామ, కాకి ఆటలు మా మనవడితో ఆడి చూశాను, వాడు బానే చూపిస్తున్నాడు. మా కోడలు పక్కింటి పిల్లకి కూడా చూద్దామంటోంది. మీ అత్తగారు నా వయసుదే అయ్యుంటుంది, కావాలంటే నేను ఫోన్లో మాట్లాడతా.

బెళ్ళందూరు_హరిత
చాలా రోజులకి వస్తున్నా. బెరా మామూలుగానే వచ్చింది. డాక్టరమ్మ గారు చాలాసేపు వాడితో నేల మీద కూర్చుని బుడగలు ఊదుతూ, బొమ్మలతో ఆడుతూ చూశారు, వీడియోలన్నీ చూశారు, ఆటిజం లక్షణాలు స్పష్టంగా ఉన్నాయన్నారు. ఆ రోజు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇద్దరం ఏడ్చాం. థెరపీ మొదలైంది. నాకూ వారానికోసారి క్లాసు, వాడు చేసేది నేను అనుకరించడం, బుడగలు ఊది ఆపి వాడు నా వైపు చూసేదాకా ఆగడం. ఇప్పుడు "ఇంకా" అన్నట్టు నా గడ్డం తడుతున్నాడు. మాట రాలేదు.

అత్తగారు వచ్చే వారం వస్తున్నారు. ఇంకా చెప్పలేదు.

కేఆర్‌పురం_రమణ
పేరు చెప్పి మొదలుపెట్టకండి, ఆవిడకి పని అప్పజెప్పండి. రోజూ సాయంత్రం బుడగల ఆట నాయనమ్మది అనండి, ఒకసారి క్లాసుకి తీసుకెళ్ళండి. మా అమ్మకి మేం చెబితే ఎక్కలేదు, థెరపిస్టు చెబితే ఎక్కింది. మీ పెంపకం వల్ల వచ్చిందని ఎవరైనా అంటే మాత్రం అక్కడే ఆపేయండి. తల్లి ప్రేమ చాలక వస్తుందన్న సిద్ధాంతం ఒకప్పుడు డాక్టర్లలోనే ఉండేది, దాన్ని వాళ్ళే ఎప్పుడో పారేశారు.

అనంతపురం_జ్యోతి
సుబ్బమ్మ పెద్దమ్మ చేత మాట్లాడించండి, నిజంగా. నా తరఫున ఇంకో ప్రశ్న, మాకు రెండో పాప పుట్టింది, ఇప్పుడు 8 నెలలు. పెద్దదానికి ఉంది కదా, దీన్ని ఎప్పటినుంచి చూసుకోవాలి?

పిల్లల_డాక్టర్_చెన్నై
అక్కకో అన్నకో ఉంటే తర్వాత పుట్టినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంది, అంటే నలుగురికి రాదు. ఇప్పటినుంచే చూడొచ్చు, మీ ముఖం చూసి నవ్వుతోందా, మీరు "ఊ" అంటే తనూ "ఊ" అంటోందా అని. తొమ్మిది నెలలు నిండాక పేరు, ఏడాదికి టాటా, వేలు. 16 నెలలు నిండగానే ఎం-చాట్ చేయండి, 18కి, 24కి మళ్ళీ. మధ్యలో ఏదైనా వచ్చింది పోతే తేదీ కోసం ఆగకుండా వచ్చేయండి.

అనంతపురం_జ్యోతి
నవ్వుతోంది, "ఊ" కూడా అంటోంది. సరే, ఇప్పటినుంచే వీడియోలు తీసి తేదీలు రాసి పెడతా.